కోచ్ క్రాట్జ్ ఎక్కని విమానం

మార్చి మొదటి సోమవారం సాయంత్రం ఏడు గంటలకు టోలివర్ స్టేట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు హెడ్ కోచ్ వెండెల్ క్రాట్జ్ తన రేడియో కార్యక్రమానికి రాలేదు.

ఉద్యోగంలో చేరిన పంతొమ్మిదేళ్లలో ఇలా జరగడం ఇదే మొదలు. తల్లి అంత్యక్రియలు అయిన సోమవారం కూడా వచ్చాడు. మంచుకు దారులు మూసుకుపోయిన ఏడాది ఎవరిదో ట్రాక్టర్ వెనక నిలబడి వచ్చాడు.

కార్యక్రమం మావిస్ హోటల్లో జరుగుతుంది. కౌంటరు పక్కన ఒక బల్ల, దాని మీద రెండు మైకులు. ఒకదాని వెనక రేడియో వ్యాఖ్యాత గస్ ఒపెల్ట్ కూర్చుంటాడు. రెండోదాని వెనక కోచ్. జనం బన్ను దాటి నాలుగు వైపులా బయటికొచ్చిన పందిమాంసం పలకలు తింటూ కోచ్‌ని ప్రశ్నలు అడుగుతారు. రాలేనివాళ్లు ఫోన్ చేస్తారు. జట్టు గెలిచిన వారం సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. ఓడిన వారం ముందే వచ్చి కూర్చోవాలి.

ఆ సోమవారం నిలబడడానికి కూడా చోటు లేదు. జట్టు వరసగా ఏడు ఆటలు ఓడింది. పైగా అంతకుముందు శుక్రవారం యూనివర్సిటీ ఆటల విభాగం డైరెక్టర్ బ్రెంట్ హాల్వర్సన్ ఒక ప్రకటన ఇచ్చాడు. "కోచ్ క్రాట్జ్ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది" అన్నది ఆ ప్రకటన. ఇండియానాలో ఏ కోచ్ గురించైనా ఈ మాట వచ్చిందంటే అతని ఉద్యోగం పోయినట్టే. మావిస్‌లో వడ్డించే పెర్ల్ ఆ వార్త విన్న గంటకే క్రాట్జ్ ఇంటికి ఒక యాపిల్ పై కాల్చి పంపింది. మా ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు ఆ ఇంటికి పంపే పై అది.

క్రాట్జ్ భార్య ఆర్డిత్ దాన్ని తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ రాత్రి భోజనం దగ్గర భర్త అన్న మాట ఆమె తర్వాత మా పత్రికకు చెప్పింది.

"అరవై ఒకటొచ్చింది నాకు. ఇది పోతే ఇంకెవరు పిలుస్తారు? నాకు వేరే పనేమీ రాదు ఆర్డిత్. ఇంట్లో కూచుని నీకు డిఫెన్స్ నేర్పుకోవాలి."

"నాకొచ్చు. తిను" అందామె.

సోమవారం సాయంత్రం ఇంకో సంగతి కూడా జరిగింది. ఆరున్నరకు ఊరి బయట రన్‌వే మీంచి ఒక చిన్న విమానం లేచి దక్షిణంగా వెళ్లింది. అది లైల్ డెంజర్‌ది. లైల్ ట్రాక్టర్లు అమ్ముతాడు. యూనివర్సిటీకి అవసరం పడ్డప్పుడు విమానం ఇస్తాడు. దాని తోక మీది నంబరు టోలివర్‌లో చాలామందికి నోటికొచ్చు. కోచ్‌లు ఉద్యోగాలు మారేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. వాళ్లు మారేది ఇలాంటి విమానాల్లోనే. ఏ విమానం ఎక్కడుందో ఫోన్‌లో ఎవరైనా చూడొచ్చు కాబట్టి ఆ రెండు నెలలూ మా ఊరివాళ్లు వాన వస్తుందో రాదో చూడరు, విమానాలు చూస్తారు.

ఆ విమానంలో ఉన్నది హాల్వర్సన్. క్రాట్జ్ స్థానంలోకి ఇంకొకణ్ణి మాట్లాడుకోవడానికి వెళ్తున్నాడు. టోలివర్‌లో ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే: హాల్వర్సన్, పైలట్, లైల్.

క్రాట్జ్ ఆ సమయానికి అభ్యాసం చేసే హాల్లో, బాస్కెట్ బోర్డు కింద, వెల్లకిలా పడి ఉన్నాడు.

అతనికో అలవాటుంది. ఆటగాళ్లంతా వెళ్లాక గీత దగ్గర నిలబడి బాస్కెట్‌లోకి ఒక ఫ్రీ త్రో వేస్తాడు. అది పడేదాకా ఇంటికి పోడు. ఆ సాయంత్రం చాలాసేపు పడలేదు. దొర్లిపోయిన బంతి కోసం వంగినప్పుడు నడుము పట్టేసింది. కూర్చోబోతే పడిపోయాడు. పడ్డాక పక్కకు తిరగడం కూడా చేతకాలేదు. ఫోన్ తలుపు దగ్గర బకెట్‌లో ఉంది. హాల్లోకి వచ్చే ప్రతివాడూ ఫోన్ బకెట్‌లో వేయాలన్నది క్రాట్జ్ పెట్టిన నియమమే. ఆ రోజు ఆఖర్న బకెట్‌లో మిగిలింది ఒక్క ఫోనే, అతనిది.

హాలు పక్క గదిలో బంతులు, తువ్వాళ్లు చూసే ఓటిస్ గ్రీలీ ఇంటికి పోతూ రేడియో ఆపడు. మాటలు వినబడితే దొంగలు లోపల మనిషున్నాడనుకుంటారని అతని నమ్మకం. ఆ రేడియో ఎప్పుడూ ఊరి స్టేషన్ మీదే ఉంటుంది. ఏడు గంటలకు క్రాట్జ్ తన కార్యక్రమం సంగీతం విన్నాడు. ఆ తర్వాత గస్ గొంతు వినిపించింది.

"కోచ్ దారిలో ఉన్నారు. ఈలోగా ఫోన్లు తీసుకుందాం. తొమ్మిదో నంబరు రోడ్డు నుంచి వెర్లిన్, చెప్పు."

వెర్లిన్ ప్రతి వారం ఫోన్ చేస్తాడు. చదువు మధ్యలో ఆపేసి ముప్పై ఏళ్లుగా పందులు పెంచుతున్నాడు.

"ఏం చెప్పను గస్? ఆయన్ని ఎప్పుడు పంపించేస్తారో అది చెప్పండి ముందు. జోన్ డిఫెన్స్ ఆడించమని, ఎవడి చోటు వాణ్ణి కాచుకోమనమని ఎన్నేళ్ల నుంచి మొత్తుకుంటున్నా? మా పందులక్కూడా ఎవడి చోటు వాడికి తెలుసు. మనవాళ్లకి తెలీదు."

మావిస్‌లో చప్పట్లు కొట్టారు. తర్వాత ఫోన్ చేసిన ముగ్గురూ ఇంచుమించు అదే అన్నారు. ఒకాయన క్రాట్జ్ టైలు కూడా బాగుండవన్నాడు.

ఏడుంపావుకు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న మంగలి డేల్ ఫైఫర్ ఫోన్ చూసి లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్ లైల్! నీ విమానం గాల్లో ఉందేంట్రా?"

లైల్ ముందు బల్ల దగ్గరే ఉన్నాడు. నోట్లో బన్ను ఉంది. నమలడం ఆపలేదు.

"ఎక్కడికి పోతోందది?" అన్నాడు డేల్. మళ్లీ అతనే చూసి చెప్పాడు. "రెన్‌ఫ్రో."

రెన్‌ఫ్రో యూనివర్సిటీ కోచ్ ఆ రోజు పొద్దున్నే పదవి వదిలేశాడు. ఆ జట్టు ఆడే చోట ఇరవై వేల మంది పడతారు. మా జట్టు ఆడే చోట నాలుగు వేల మంది పడతారు, అందులో కొందరికి స్తంభం అడ్డం.

అందరూ ఖాళీ కుర్చీ వైపు చూశారు.

"లైల్, ఎవరున్నారు అందులో?" అని గస్ మైకులోనే అడిగాడు.

లైల్ బన్ను మింగాడు. హాల్వర్సన్‌కు మాటిచ్చాడు, ఎవరికీ చెప్పనని. "నేను చెప్పకూడదు" అన్నాడు.

"అయిపోయింది. ఆయనే" అన్నాడు డేల్.

"కోచ్ విమానం ఎక్కడు కదయ్యా?" అంది పెర్ల్, కాఫీ పోస్తూ. "జట్టుని ఎక్కడికైనా బస్సులోనే తిప్పుతాడు. అంత దూరం నెబ్రాస్కాకి కూడా బస్సేగా."

"రెన్‌ఫ్రో పిలిస్తే నేను రెక్కలు కట్టుకుని పోతా పెర్ల్. అదీ, ఎప్పుడూ ఎక్కనివాడు ఎక్కాడంటే విషయం ఎంత పెద్దదో చూడు."

క్రాట్జ్ తల కొంచెం ఎత్తబోయాడు. నడుము ఎత్తనివ్వలేదు.

వెర్లిన్ మళ్లీ ఫోన్ చేశాడు. ఒక కార్యక్రమంలో ఒకరు ఒకసారే మాట్లాడాలని నియమం ఉంది. గస్ ఆ రాత్రికి దాన్ని పక్కన పెట్టాడు.

"నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నా" అన్నాడు వెర్లిన్. "మనకి దొరికిన మనిషి విలువ మనకి తెలీదని. ఇంటికొచ్చిన మాణిక్యం గస్ ఆయన!"

"వెర్లిన్, పావుగంట క్రితం ఆయన్ని పంపించెయ్యమన్నావు."

"ప్రేమ ఉన్న చోటే కోపం. రెన్‌ఫ్రోవాళ్లు పిచ్చోళ్లా? ఊరికే విమానం పంపిస్తారా?"

"విమానం లైల్‌ది."

"అదీ చూడు! మన విమానంలోనే మన కోచ్‌ని ఎత్తుకుపోతున్నారు!"

ఆ తర్వాత ఫోన్లు ఆగలేదు. టైల గురించి మాట్లాడినాయన మళ్లీ చేసి, టై అనేది మనిషి ఇష్టమన్నాడు. ఒకామె ఏడ్చింది. తన పెళ్లిలో కోచ్ వచ్చి డాన్స్ చేశాడని చెప్పింది. క్రాట్జ్‌కు ఆ పెళ్లి గుర్తులేదు. బకెట్‌లో ఫోన్ మోగుతూనే ఉంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది.

ఏడున్నరకు ముందే విమానం దిగింది. అప్పటికి రెన్‌ఫ్రో అభిమానులు నలుగురు కంచె దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లూ ఫోన్లో చూస్తూనే ఉన్నారు. విమానం దిగిన మనిషి కోటు మెడ దాకా లాక్కుని, తల వంచుకుని గబగబా నడిచాడు. ఒకడు వెనక నుంచి ఫోటో తీశాడు. రెండు నిమిషాల్లో అది మావిస్‌లో ప్రతి బల్ల మీదా ఉంది.

"ఆయన నడకే అది" అన్నాడు డేల్.

"బట్టతల కనబడుతోందిగా? కోచ్‌కి జుట్టుంది" అంది పెర్ల్.

"గాలికి అలా పడింది. ఆ జుట్టు కత్తిరించేది నేను. నాకు తెలీదా?"

బట్టతల హాల్వర్సన్‌ది. లైల్ ఆ ఫోటో చూసి ఇంకో బన్ను తెప్పించుకున్నాడు.

విమానాశ్రయంలోని చిన్న గదిలో హాల్వర్సన్ కోసం ట్రేస్ మోంక్రీఫ్ అనే యువకుడు ఎదురు చూస్తున్నాడు. రెన్‌ఫ్రోలో సహాయక కోచ్. హెడ్ కోచ్ వదిలేయడంతో తన ఉద్యోగం కూడా పోతుందన్న బెంగలో ఉన్నాడు. టోలివర్‌లో హెడ్ కోచ్ పని ఇస్తామంటే పొద్దున సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ గదిలో ఏం జరిగిందో అతను తర్వాత ఫోన్‌లో మాకు చెప్పాడు, హాల్వర్సన్ కాదనలేదు.

"సార్, మీ క్రాట్జ్ మా దగ్గరికొస్తున్నాడటగా?" అన్నాడు మోంక్రీఫ్, ఫోన్ చూపిస్తూ. "ఇక్కడందరూ అదే అంటున్నారు."

"రావట్లేదు."

"విమానంలో వచ్చాడట."

"విమానంలో వచ్చింది నేను."

"మీరలా అనక తప్పదులెండి. నేనొకటి అడుగుతా, ఏమనుకోకండి. ఆయనొస్తే నన్ను ఇక్కడే సహాయకుడిగా ఉంచుకోమని ఒక మాట చెప్తారా? అంత పెద్ద మనిషి కింద పని చేస్తే నేర్చుకోవచ్చు. టోలివర్ సంగతి తర్వాత చూద్దాం."

హాల్వర్సన్ జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. యూనివర్సిటీ అధ్యక్షురాలు సెలెస్ట్ ఓమ్‌స్టెడ్. మధ్యయుగాల చరిత్ర చదివిన మనిషి. బాస్కెట్‌బాల్ ఎప్పుడూ చూడలేదు. హాల్వర్సన్ వెతుకులాట ఆవిడకు తెలియదు. ఆవిడకు తెలిసిందల్లా గత అరగంటలో పూర్వ విద్యార్థులు తన ఇంటికి చేసిన ఫోన్లు.

"బ్రెంట్, ఎవరో క్రాట్జ్ అట, పోతున్నాడట. ఎవరాయన?"

"మన బాస్కెట్‌బాల్ కోచ్ మేడమ్."

"మంచివాడేనా?"

"వరసగా ఏడు ఓడాం."

"రెన్‌ఫ్రోవాళ్లు కావాలంటున్నారంటే మంచివాడే అయ్యుండాలి. ఆయన్ని పోనివ్వొద్దు. ఏం చేస్తావో నాకు తెలీదు. ఆ రేడియోలో చెప్పు, ఇప్పుడే చెప్పు. మా ఇంటి ఫోన్ మోగడం ఆగాలి."

ఈలోగా ఆర్డిత్ హాలుకు చేరుకుంది. ఇంట్లో రేడియో వింటూ, భర్త ఫోన్‌కు చాలాసార్లు చేసి, కోటు వేసుకుని బయల్దేరింది. అతను విమానం ఎక్కే మనిషి కాడని ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఎక్కించింది. రన్‌వే మీద ఉండగానే దిగిపోయాడు. ఫ్రీ త్రో పడకపోతే ఇంటికి రాడని కూడా తెలుసు.

ఆమె తలుపు తీసేసరికి అతను చెయ్యెత్తాడు.

"ష్. ఉండు. వెర్లిన్ మాట్లాడుతున్నాడు."

"నీకేమైంది?"

"నడుము. ఉండు ఆర్డిత్. నేను రాకముందు ఈ ఊరు ఊరే కాదంటున్నాడు."

ఆమె బకెట్‌లోంచి ఫోన్ తీసి అంబులెన్స్‌ను పిలిచింది. తర్వాత వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ విన్నారు.

"మనకిప్పుడు డైరెక్టర్ బ్రెంట్ హాల్వర్సన్ లైన్లో ఉన్నారు" అన్నాడు గస్. "బ్రెంట్, ఎక్కడున్నారు మీరు?"

"ఇంట్లో."

"సార్, మీ విమానంలో ఇంధనం నింపమంటారా?" అని ఇంకో గొంతు వినిపించింది.

"ఏంటది బ్రెంట్?"

"టీవీ. గస్, నేను సూటిగా చెప్తా. కోచ్ క్రాట్జ్ ఎక్కడికీ పోవట్లేదు. ఆయన ఒప్పందం ఇంకో నాలుగేళ్లు పొడిగిస్తున్నాం. అధ్యక్షురాలు ఒప్పుకున్నారు. రేపు సంతకాలు."

రేడియోలో మావిస్ హోటల్ అరుపులు తప్ప కాసేపు ఏమీ వినబడలేదు.

"ఆర్డిత్" అన్నాడు క్రాట్జ్.

"ఆఁ."

"నేనిప్పుడెక్కడున్నాను?"

"రెన్‌ఫ్రోలో."

క్రాట్జ్ పైకప్పు వైపు చూస్తూ ఆలోచించాడు. "నేనిక్కడున్నాను. లైల్ మావిస్‌లో ఉన్నాడు. లైల్ తన విమానం ఇంకెవరికిస్తాడు? టీవీ అట, టీవీ! నా బదులు ఎవణ్ణో తేవడానికి పోయాడు బ్రెంట్."

"పోతే పోయాడు. నాలుగేళ్లిచ్చాడుగా."

"పొరబాటున ఇచ్చాడు. నేను విమానంలో లేనని తెలిస్తే ఉంటాయా అవి?"

బయట అంబులెన్స్ ఆగిన చప్పుడైంది.

"బంతి ఇటివ్వు. ఇంకా పడలేదు" అన్నాడు క్రాట్జ్.

"పడుకుని వేస్తావా?"

"వెయ్యకపోతే నేను రాను."

ఆమె బంతి తీసుకుని గీత దగ్గరికి వెళ్లింది. కోటు విప్పలేదు. హైస్కూల్లో ఆమె జట్టు రాష్ట్రస్థాయి దాకా వెళ్లింది. మొదటి బంతే పడింది.

"మన ఇంటి లెక్కలో వేసుకో, పద" అంది.

అంబులెన్స్‌లో వచ్చిన ఇద్దరూ దారి పొడవునా రేడియో విన్నవాళ్లే. స్ట్రెచర్ పట్టుకుని లోపలికొచ్చిన మొదటివాడు ఆగిపోయాడు.

"కోచ్! అప్పుడే తిరిగొచ్చేశారా?"

"నేనెక్కడికీ పోలేదయ్యా. ఇక్కడే పడున్నా."

"అలాగే కోచ్, అలాగే. నడుమా? ఆ చిన్న విమానాల్లో సీట్లు అంతే. మా మామయ్యకీ అలాగే పట్టేసింది."

వాళ్లు అతన్ని ఆస్పత్రికి చేర్చేలోపే ఈ సంగతి మావిస్‌కు చేరింది: కోచ్ తిరిగొచ్చేశాడు, విమానం సీటు వల్ల నడుము పోయింది. విమానం ఇంకా రెన్‌ఫ్రోలోనే ఉన్నట్టు ఫోన్లలో కనబడుతోందని పెర్ల్ గుర్తు చేసింది. అవి కాస్త ఆలస్యంగా చూపిస్తాయని డేల్ అన్నాడు. లైల్ బల్ల మీద గుద్దాడు.

"నా సీట్లకేమైందిరా? తోలు సీట్లవి! మొన్నేగా మార్పించాను. ఆ సీట్లో కూచున్న మనిషికి ఏమీ కాలేదు, నిక్షేపంలా ఉన్నాడు..."

"ఎవరు లైల్?" అంది పెర్ల్.

లైల్ డబ్బులు బల్ల మీద పెట్టి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున హాల్వర్సన్ కాగితాలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. ఆర్డిత్ అక్కడే ఉంది. వాళ్లు మాట్లాడుకున్న మాటలు ఆమె చెప్పినవే.

"ప్రయాణం బాగా జరిగిందా బ్రెంట్?" అన్నాడు క్రాట్జ్.

హాల్వర్సన్ తలుపు మూసి వచ్చాడు. "నీకెవరు చెప్పారు?"

"సీట్లు తోలువట. అంబులెన్స్ రేడియోలో విన్నా."

"చూడు వెండెల్, నేను చేసింది నా పని. నా చోట నువ్వున్నా అదే చేసేవాడివి."

"చేసేవాణ్ణి. ఏడు ఓడినవాణ్ణి నేనూ ఉంచను. కానీ నాకీ పని కావాలి. అడుక్కోమంటే అడుక్కుంటా. అబద్ధం మాత్రం ఆడను. ఎవరైనా అడిగితే నిన్న ఎక్కడున్నానో అదే చెప్తా. ఆ తర్వాత మీకు నేనొద్దనిపిస్తే కాగితాలు చింపేసుకోండి. అందుకే సంతకం ఇప్పుడు పెట్టను. పత్రికలవాళ్లతో మాట్లాడాక పెడతా."

"నువ్వు ఎక్కలేదని చెప్తే, మరెవరు ఎక్కారంటారు. నా ఉద్యోగం పోతుంది వెండెల్."

"శుక్రవారం నేనూ అదే అనుకున్నా" అన్నాడు క్రాట్జ్. "ఆర్డిత్, పెర్ల్ పంపిన యాపిల్ పై ఇంకా ఉందా? బ్రెంట్‌కి ఒక ముక్క ఇవ్వు."

పత్రికల సమావేశం మధ్యాహ్నం జరిగింది. క్రాట్జ్ నడుముకు పట్టీ కట్టుకుని వచ్చాడు. పక్కన హాల్వర్సన్ కూర్చున్నాడు. వెనక వరసల్లో ఊరివాళ్లు నిండిపోయారు. తొమ్మిదో నంబరు రోడ్డు నుంచి వెర్లిన్ కూడా వచ్చాడు. అతని ముఖం చాలామంది చూడడం అదే మొదలు.

మా పత్రిక మొదటి ప్రశ్న అడిగింది. "కోచ్, నిన్న సాయంత్రం మీరు రెన్‌ఫ్రో వెళ్లారా?"

"వెళ్లలేదు. మన హాల్లో బోర్డు కింద పడున్నాను. ఫ్రీ త్రో వేస్తుంటే నడుము పట్టేసింది. ఓటిస్ రేడియోలో మీ మాటలన్నీ విన్నాను. రెన్‌ఫ్రోవాళ్లు నన్ను పిలవలేదు. ఎప్పుడూ పిలవలేదు. నేనెవరో వాళ్లకి తెలుసని కూడా నేననుకోను."

హాలంతా నవ్వింది. డేల్ లేచి చప్పట్లు మొదలుపెట్టాడు.

"నవ్వకండి. నిజం చెప్తున్నా. విమానమంటే నాకు భయం."

ఇంకా నవ్వారు.

"అందుకే మీరంటే మాకిష్టం కోచ్!" అని వెనక నుంచి వెర్లిన్ అరిచాడు. "ఇంకొకడైతే గొప్పలు చెప్పుకునేవాడు!"

క్రాట్జ్ పక్కకు తిరిగాడు. నడుము వల్ల మొత్తం మనిషి తిరగాల్సి వచ్చింది. "బ్రెంట్‌ని అడగండి. నేను ఎక్కలేదని బ్రెంట్‌కి తెలుసు."

మేము హాల్వర్సన్‌ను అడిగాం, తెలుసా అని.

"తెలుసు" అన్నాడు హాల్వర్సన్.

"ఎలా తెలుసు?"

హాల్వర్సన్ నీళ్లు తాగాడు. "కోచ్ క్రాట్జ్ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది" అన్నాడు.

దానికి హాలంతా మళ్లీ నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. క్రాట్జ్ ఒప్పందం కాగితాలు ముందుకు లాక్కున్నాడు. "నేను చెప్పాల్సింది చెప్పాను" అని జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు.

ఆ వారంలోనే రెన్‌ఫ్రో యూనివర్సిటీ వేరే కోచ్‌ను పెట్టుకుంది. క్రాట్జ్‌తో తాము ఎన్నడూ మాట్లాడలేదని ప్రకటన కూడా ఇచ్చింది. తమని కాదన్న మనిషి గురించి అంతకన్నా ఏమంటారని మావిస్‌లో అనుకున్నారు. మోంక్రీఫ్ కొత్త కోచ్ కింద సహాయకుడిగానే ఉన్నాడు.

గురువారం మొదలైన పోటీల్లో టోలివర్ స్టేట్ ఒక ఆట గెలిచి, మర్నాడు రెండు పాయింట్ల తేడాతో ఓడింది. క్రాట్జ్ రెండు ఆటలూ కుర్చీలో కూర్చునే నడిపించాడు. జట్టు రానూ పోనూ బస్సులోనే ప్రయాణించింది.

తర్వాతి సోమవారం ఏడు గంటలకు ముందే క్రాట్జ్ మావిస్‌కు వచ్చి మైకు వెనక కూర్చున్నాడు. పెర్ల్ వీపు వెనక దిండు పెట్టింది. మొదటి ఫోన్ వెర్లిన్‌ది.

"కోచ్, ఆ రెండు పాయింట్లూ ఎలా పోయాయో తెలుసా మీకు? జోన్ ఆడించనందుకు పోయాయి. ఎన్నేళ్లు చెప్పాలి? ఇలాగైతే నాలుగేళ్లు ఎందుకిచ్చారో ఆ బ్రెంట్‌ని అడగాలి."

"అడుగు వెర్లిన్" అన్నాడు క్రాట్జ్.

మే నెలలో హాల్వర్సన్ ఒహాయోలోని ఒక యూనివర్సిటీలో డైరెక్టర్‌గా చేరాడు. కారులో వెళ్లాడు.